క్లే థాంప్సన్ 43 మిలియన్ల నుంచి 16కి ఎలా దిగాడు? డర్క్ 97 వదిలేసి 25 ఎందుకు తీసుకున్నాడు?

ఇర్వింగ్ రమణ

అందరికీ నమస్కారం. క్రికెట్ గురించి ఇక్కడ చాలాసార్లు రాశాను, బాస్కెట్‌బాల్ గురించి అడగడం ఇదే మొదటిసారి. తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి.

మా అబ్బాయికి పదమూడేళ్ళు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మా డాలస్ జట్టు మావరిక్స్ అంటే ప్రాణం. క్లే థాంప్సన్ 31 నంబరు జెర్సీ ఉతకడానికి కూడా ఇవ్వడు. నిన్న రాత్రి అన్నం తింటూ ఫోన్‌లో ఆటగాళ్ళ జీతాల పట్టిక తీశాడు. 2023-24లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టులో క్లే జీతం 43.2 మిలియన్ డాలర్లు. మరుసటి ఏడాది మా డాలస్‌లో 15.9. "నాన్నా, నీ జీతం ఒక్క ఏడాదిలో మూడో వంతుకి పడిపోతే నువ్వు ఒప్పుకుంటావా?" అని అడిగాడు.

వయసు మీద పడింది, మోకాలు ఒకసారి, మడమ నరం ఒకసారి తెగాయి, అందుకే తగ్గించి ఉంటారని చెప్పాను. వాడు ఊరుకోలేదు. "మరి మన పాత హీరో డర్క్ నోవిట్స్కీ సంగతేంటి? 2014లో లేకర్స్, రాకెట్స్ జట్లు నాలుగేళ్ళకి 97 మిలియన్లు ఇస్తామన్నాయి కదా. డాలస్‌లో మూడేళ్ళకి 25కి ఎందుకు ఒప్పుకున్నాడు? ఆయన్ని ఎవరైనా మోసం చేశారా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి ఇక్కడ రాస్తున్నాను.

ఇరవై ఏళ్ళుగా ఐటీలో ఉన్నాను. క్లయింట్‌తో రేటు మాట్లాడటం, వెండర్‌తో బేరమాడటం నాకు అలవాటే. కానీ ఈ బేరం నాకు అంతుపట్టడం లేదు. జట్టు ఓనరు బిలియనీరు. జేబులో డబ్బుంది, ఇవ్వాలని మనసుంది, అయినా ఇవ్వలేడంటే ఎలా? సీనియర్ ఆటగాడి అంకె అసలు ఎక్కడ తేలుతుంది? ఆయన వదులుకున్న డబ్బు ఎవరికి పోతుంది?

మూర్తి 98

రమణ గారూ, మీ అబ్బాయి అడిగినవి రెండూ మంచి ప్రశ్నలు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి. నేను కాకినాడ నుంచి డాలస్ వచ్చింది 1998లో. డర్క్‌ని డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే చోట, తీసుకున్నదీ అదే ఏడాది. ఆ సీజన్ లాకౌట్‌తో ఆగిపోతే ఆయన జర్మనీ వెళ్ళిపోయి సొంత ఊరు వుర్ట్స్‌బుర్గ్‌లో ఆడుకుంటూ ఉన్నాడు. నేనేమో ఇక్కడ బెంచ్ మీద ప్రాజెక్టు కోసం చూస్తూ కూర్చున్నాను. అప్పటినుంచి ఈ జట్టు జీతాల లెక్క రాసుకోవడం నాకు అలవాటైంది. ఏటా జూన్ 30 సాయంత్రం ఎవరైనా ఫోన్ చేస్తే తీయను, మా ఆవిడకి తెలుసు.

ముందు ఒక మాట. ఈ బేరంలో "ఇతని ఆట విలువ ఎంత" అనే ప్రశ్న రెండోది. మొదటిది "ఇతన్ని ఏ కోటాలో కూర్చోబెట్టాలి" అన్నది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరకాలంటే జేబులో డబ్బుంటే చాలదు కదా. జనరల్ కోటాలో ఖాళీ ఉందా, లేకపోతే తత్కాల్, అదీ లేకపోతే ఇంకేదైనా కోటా ఉందా అని చూస్తాం. జట్టు పరిస్థితీ అంతే. డబ్బు ఓనరుదే, బెర్తులు మాత్రం లీగ్‌వి.

2025-26 సీజన్‌కి జీతాల పరిమితి, అంటే శాలరీ క్యాప్, 154.6 మిలియన్లు. ఎన్‌బీఏలో ఈ గోడ మెత్తనిది. సరైన చీటీ ఉంటే దాటొచ్చు. మొదటి చీటీ బర్డ్ హక్కులు. బోస్టన్ ఆటగాడు లారీ బర్డ్ పేరు మీద వచ్చిన మాట. ఆటగాడు ఫ్రీ ఏజెంట్‌గా, అంటే కాంట్రాక్ట్ అయిపోయి నచ్చిన చోట చేరేవాడిగా, జట్టు మారకుండా మూడు సీజన్లు ఆడితే, క్యాప్ నిండిపోయినా అతని జట్టు అతనికి గరిష్ఠ జీతం దాకా ఇవ్వొచ్చు. పదేళ్ళు దాటిన ఆటగాడికి ఆ గరిష్ఠం క్యాప్‌లో 35 శాతం, అంటే ఆ సీజన్‌కి సుమారు 54 మిలియన్లు. అదే ఆటగాడు బయటి జట్టుకి వెళ్ళాలంటే అక్కడ క్యాప్‌లో అంత ఖాళీ ఉండాలి. అది లేకపోతే మిడ్-లెవెల్ అనే కోటా, 14.1 మిలియన్లు. క్యాప్‌కి ఇంకా పైన ఉండే మొదటి ఏప్రన్ అనే గీత దాటిన జట్టుకి ఆ మిడ్-లెవెల్ 5.7కి పడిపోతుంది. రెండో ఏప్రన్ దాటిన జట్టుకి అదీ లేదు. ఇక మిగిలేది వెటరన్ మినిమం, పదేళ్ళు దాటినవాళ్ళకి 3.6 మిలియన్లు.

ఆ అంకెల మధ్య దూరం చూడండి. 54, 14, 5.7, 3.6. సీనియర్ ఆటగాడి జీతం ఏడాదికి కొంచెం కొంచెంగా తగ్గదు. మేడ మెట్టు మీద కాలు జారినట్టు ఒక్కసారిగా కింది మెట్టుకి వస్తుంది. ఆట పది శాతం తగ్గితే జీతం అరవై శాతం తగ్గొచ్చు. మీ అబ్బాయి పట్టికలో చూసింది అదే.

ఇప్పుడు క్లే సంగతి. 2019 ఫైనల్స్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. అయినా ఆ వేసవిలోనే వారియర్స్ అయిదేళ్ళకి 190 మిలియన్లు రాసిచ్చారు. బర్డ్ హక్కుల చీటీ చేతిలో ఉంది, వదిలేస్తే ఆ స్థానంలో ఇంకొకరిని తేవడానికి క్యాప్‌లో ఖాళీ లేదు. అందుకే ఇచ్చారు. 43 మిలియన్లు ఆ కాంట్రాక్ట్ చివరి ఏడాది జీతం. 2024 వేసవికి రెండు మారాయి. క్లేకి 34 ఏళ్ళొచ్చాయి. 2023 ఒప్పందంతో రెండో ఏప్రన్ వచ్చింది. అది దాటిన జట్టు ట్రేడ్‌లో, అంటే జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడిలో, ఇద్దరి జీతాలు కలిపి ఒకరిని తెచ్చుకోకూడదు, నగదు పంపకూడదు, ఏడేళ్ళ తర్వాతి మొదటి రౌండ్ పిక్‌ని, అంటే డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతుని, ఇచ్చెయ్యకూడదు. ఓనరు చెక్కు రాసి తప్పించుకునే శిక్షలు కావివి. జీతాలు మితిమీరితే కట్టే పాత లగ్జరీ పన్ను అయితే డబ్బుతో పోయేది. మీరడిగిన "మనసుంది, డబ్బుంది, అయినా ఇవ్వలేడు" అన్నదానికి జవాబు చాలావరకు ఇక్కడే ఉంది.

డాలస్ వైపు చూస్తే మన దగ్గర క్యాప్‌లో ఖాళీ లేదు. అందుకని సైన్-అండ్-ట్రేడ్ చేశారు. పాత జట్టే సంతకం చేయించి మనకి పంపుతుంది. టిమ్ హార్డవే జూనియర్‌ని డెట్రాయిట్‌కీ, జాష్ గ్రీన్‌ని షార్లట్‌కీ పంపి చోటు చేశారు. అలా వచ్చిన ఆటగాడికి కనీసం మూడేళ్ళ కాంట్రాక్ట్ ఉండాలన్నది నిబంధన. క్లేది మూడేళ్ళకి 50 మిలియన్లు. అది ఆయన విలువకి ఎవరో కట్టిన వెల అని నేను అనుకోను. గ్రీన్, హార్డవే వెళ్ళిపోగా మిగిలిన సందులో పట్టినంత. కాలిఫోర్నియాలో రాష్ట్ర ఆదాయపు పన్ను పై శ్లాబు 13.3 శాతం, మన టెక్సస్‌లో సున్నా. బయటి ఊళ్ళలో ఆడిన మ్యాచ్‌లకి ఆయా రాష్ట్రాలు కోసుకుంటాయనుకోండి, అయినా ఇంటి మ్యాచ్‌ల మీద మిగిలేది మిగులుతుంది. ఈ లెక్క ఇక్కడ చాలామందికి నేను చెప్పక్కర్లేదు.

క్లే వదిలిన వారియర్స్‌లోనే, అదే వేసవిలో క్రిస్ పాల్ సంగతి కూడా చెప్పండి మీ వాడికి. 2021లో ఫీనిక్స్‌లో రాసుకున్న కాంట్రాక్ట్ పేపర్లలో నాలుగేళ్ళకి 120 మిలియన్లు అని వచ్చింది. లోపల మూడో ఏడాది జీతంలో సగమే గ్యారంటీ, నాలుగో ఏడాదికి గ్యారంటీ లేదు. చేతులు మారి వారియర్స్ దగ్గరకొచ్చింది ఆ కాంట్రాక్ట్. 2024 జూన్ ఆఖర్లో ఆ 30 మిలియన్ల ఏడాది మొదలవకముందే ఆయన్ని వదిలేశారు, ఆ డాలర్లు కాగితం మీదే ఆగిపోయాయి. శాన్ ఆంటోనియో సుమారు పది మిలియన్లకి తీసుకుంది. ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో 82 మ్యాచ్‌లకి 82 ఆడాడు. సీనియర్ కాంట్రాక్ట్ వార్త వస్తే నేను మొత్తం అంకె చూడను. ఎంత గ్యారంటీ, ఏ తేదీకి గ్యారంటీ అవుతుంది, ఆఖరి ఏడాది ఉండాలా వద్దా అన్న ఆప్షన్ ఎవరి చేతిలో ఉంది, ఈ మూడే చూస్తాను.

డర్క్ గురించి రాత్రికి రాస్తాను. అది ఆదరాబాదరాగా రాసే విషయం కాదు.

మూర్తి 98

డర్క్.

2014 వేసవిలో ఆయనకి 36 ఏళ్ళు. అంతకుముందు ఏడాది జీతం 22.7 మిలియన్లు. అప్పటి క్యాప్ 63 మిలియన్లు మాత్రమే. ఇక్కడ క్యాప్ హోల్డ్ అనేది ఒకటుంది. మన ఆటగాడి కాంట్రాక్ట్ అయిపోయినా, అతని బర్డ్ హక్కులు మనం పట్టుకుని ఉన్నంతకాలం, పాత జీతాన్ని బట్టి లెక్కగట్టిన పెద్ద మొత్తం మన పుస్తకంలో కూర్చుని ఉంటుంది. రైలు సీటు మీద తువ్వాలు వేసినట్టు. డర్క్ తువ్వాలు తీసేసి, ఏడాదికి ఎనిమిది మిలియన్ల చిన్న సీట్లో సర్దుకుంటే, పక్కన ఇంకొకరికి చోటు వస్తుంది. ఆ చోట్లోకి హ్యూస్టన్ నుంచి చాండ్లర్ పార్సన్స్‌ని మూడేళ్ళకి 46 మిలియన్లకి తెచ్చారు. అంటే మీ వాడడిగిన డబ్బులో చాలా భాగం వెళ్ళింది పార్సన్స్‌కి.

శాన్ ఆంటోనియోలో టిమ్ డంకన్ కూడా 2015లో ఇలాగే రెండేళ్ళకి సుమారు పది మిలియన్లకి సర్దుకున్నాడు. అప్పుడు లమార్కస్ ఆల్డ్రిజ్‌కి 80 మిలియన్ల చోటొచ్చింది. వాళ్ళు తర్వాతి సీజన్‌లో 67 మ్యాచ్‌లు గెలిచారు. మనం? పార్సన్స్ మోకాళ్ళు నిలవలేదు. 2015లో, 2016లో రెండుసార్లూ ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ పోరులో, మొదటి రౌండ్‌లోనే 4-1తో ఓడిపోయాం. ఆ తర్వాత అతను నాలుగేళ్ళకి 94 మిలియన్లకి మెంఫిస్ వెళ్ళిపోయాడు.

2015 జులై ఇక్కడున్నవాళ్ళు మర్చిపోలేరు. డర్క్ ఇచ్చిన చోటు ఇంకా ఉందనే క్లిప్పర్స్ ఆటగాడు డిఆండ్రే జోర్డన్‌ని అడిగాం. నాలుగేళ్ళకి 80 మిలియన్లకి సరే అన్నాడు. జులై మొదటివారంలో సంతకాలు చెయ్యకూడదు, మాట మాత్రమే. ఆ వారంలోనే క్లిప్పర్స్ ఆటగాళ్ళు హ్యూస్టన్‌లో అతని ఇంటికెళ్ళి కూర్చున్నారు. అర్ధరాత్రి దాటగానే వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టాడు. నేను ఆ రాత్రి ఆఫీసు లాప్‌టాప్ ముందు మేలుకునే ఉన్నాను. నాకు జోర్డన్ మీద కోపం రాలేదు, చట్టం ప్రకారం అతని తప్పేమీ లేదు. డర్క్ గుర్తొచ్చాడు. తన జీతంలోంచి కోసి ఇచ్చిన సొమ్ము, దాన్ని ఎవరి మీద ఎలా ఖర్చుపెడతారో ఒక్క మాట చెప్పే హక్కు కాగితం మీద ఆయనకి లేదు.

నాకు అర్థమైందదే రమణ గారూ. సీనియర్ తగ్గించుకున్న జీతం జట్టుకి తక్షణం, ఖాయంగా చేరుతుంది. తిరిగి ఆయనకేం వస్తుందన్నది మాత్రం నోటిమాట.

డర్క్ మోసపోయాడా అంటే, లేదు. ఆయన అడిగినవి వేరే. 2014 కాంట్రాక్ట్‌లో తన అనుమతి లేకుండా ట్రేడ్ చెయ్యకూడదన్న షరతు ఉంది. మూడో ఏడాది ఉండాలా వద్దా అన్న ఆప్షన్ ఆయన చేతిలో పెట్టుకున్నాడు. ఆ రెండో షరతు ఎంత విలువైనదో 2016లో తెలిసింది. టీవీ డబ్బుతో క్యాప్ 70 నుంచి ఒక్కసారిగా 94 మిలియన్లకి ఎగిరింది. ఆయన ఆప్షన్ వదులుకుని బయటకొచ్చి రెండేళ్ళకి 50 మిలియన్ల కొత్త కాంట్రాక్ట్ రాసుకున్నాడు. మరుసటి ఏడు మళ్ళీ తగ్గించుకుని ఏడాదికి అయిదు మిలియన్లకి ఆడాడు. ఇరవై ఒక్క సీజన్లు, ఒకే జట్టు.

శైలజ, ప్లేనో

మూర్తి గారూ, బాస్కెట్‌బాల్ నాకు అంతగా తెలియదు. మా వారు ఈ థ్రెడ్ చూపిస్తే చదివాను. "తిరిగి వచ్చేది నోటిమాట" అన్న దగ్గర ఆగిపోయాను.

2009లో నేను పనిచేసే చోట జీతాలు 15 శాతం కోశారు. మా మేనేజరు నన్ను విడిగా గదిలోకి పిలిచి, "నువ్వు ఒప్పుకుంటే మీ టీమ్‌లో ఇద్దరి ఉద్యోగాలు నిలబడతాయి, పరిస్థితి బాగుపడగానే నీది నేను చూసుకుంటాను" అన్నారు. మంచి మనిషి, మనస్ఫూర్తిగానే అన్నారు. ఒప్పుకున్నాను. పద్నాలుగు నెలలకి ఆయన వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చినావిడ నా ఫైలు తెరిచి, ప్రతి కాగితమూ తిరగేసి, "ఇందులో ఏమీ లేదే" అన్నారు. ఆవిడ తప్పు కూడా కాదది. నిజంగానే ఏమీ లేదు. ఆ కోత తిరిగి రావడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

అందుకే అడుగుతున్నాను. అంత పెద్ద ఆటగాళ్ళకి ఏజెంట్లుంటారు, లాయర్లుంటారు. "ఇప్పుడు తగ్గించుకుంటాను, రెండేళ్ళ తర్వాత ఇంత ఇవ్వాలి" అని విడిగా ఒక కాగితం రాయించుకోవచ్చు కదా?

మూర్తి 98

శైలజ గారూ, మీకు జరిగింది చదివి బాధేసింది. ఆ ఇద్దరి ఉద్యోగాలు నిలబడ్డాయా? మీరు రాయలేదు. నిలబడి ఉంటాయనే అనుకుంటున్నాను.

మీరడిగిన కాగితం ఒకరు రాయించుకున్నారు. అదే లీగ్ చరిత్రలో పెద్ద శిక్షకి కారణమైంది. మినెసోటాలో జో స్మిత్. 1995 డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిదే. 1999లో 1.75 మిలియన్లకి ఏడాది కాంట్రాక్ట్ మీద చేరాడు, బయట అంతకన్నా ఎంతో ఎక్కువ దొరికేది. వరసగా మూడేళ్ళు చిన్న జీతాలకి ఆడితే బర్డ్ హక్కులు పూర్తవుతాయి, అప్పుడు క్యాప్ దాటి భారీ కాంట్రాక్ట్ ఇవ్వొచ్చు. ఆ భారీ కాంట్రాక్ట్ ఇస్తామని ముందే రహస్యంగా రాసిచ్చారు. అతని ఏజెంట్లు ఇద్దరు విడిపోయి కోర్టుకెక్కినప్పుడు ఆ కాగితం బయటపడింది. 2000లో కమిషనర్ డేవిడ్ స్టెర్న్ జట్టుకి 3.5 మిలియన్ల జరిమానా వేశాడు, అయిదు మొదటి రౌండ్ పిక్‌లు తీసేశాడు. వాటిలో కొన్ని తర్వాత తిరిగిచ్చారు. స్మిత్ కాంట్రాక్ట్‌లు రద్దయ్యాయి, కూడబెట్టుకున్న బర్డ్ హక్కులు పోయాయి. తక్కువ జీతానికి ఆడినందుకు బదులుగా ఇస్తామన్న ఆ భారీ కాంట్రాక్ట్ అతనికి రాలేదు.

లీగ్ దాన్ని ఎందుకు అంత కఠినంగా చూస్తుందో అర్థం చేసుకోవచ్చు. పక్క కాగితాలు చెల్లితే క్యాప్‌కి అర్థమే లేదు. కానీ దాని భారం ఎవరి మీద పడుతోందో చూడండి. ఇచ్చేవాడు ఇవ్వడం చట్టబద్ధం, తిరిగి అడగడం నేరం.

జేమ్స్ హార్డెన్ 2022లో ఫిలడెల్ఫియాలో 47.4 మిలియన్ల ఆప్షన్ వదులుకుని 33కి సంతకం పెట్టాడు. ఆ చోట్లోకి పీ.జె. టకర్ వచ్చాడు. మరుసటి వేసవిలో ఆయన ఆశించింది రాలేదు. చైనాలో జనం ముందు మైకు పట్టుకుని జట్టు ప్రెసిడెంట్ డారిల్ మోరీ అబద్ధాలకోరు అన్నాడు. లీగ్ లక్ష డాలర్లు జరిమానా వేసింది. ఇద్దరి మధ్య ఏం మాటలు జరిగాయో వాళ్ళకే తెలియాలి. ఎవరి మాట నిజమైనా హార్డెన్ చూపించడానికి కాగితం లేదు, ఉండకూడదు.

మాదాపూర్ హూప్స్

మూర్తి అన్నా, నీ లెక్కలంటే నాకు గౌరవం. హైదరాబాద్‌లో పొద్దున్నే ఆరింటికి లేచి మ్యాచ్ చూసే నాలాంటోళ్ళకి క్యాప్ నేర్పింది నీ పోస్టులే. కానీ డర్క్ విషయంలో నువ్వు మెత్తగా మాట్లాడుతున్నావు.

లీగ్ ఆదాయంలో ఆటగాళ్ళ వాటా 49 నుంచి 51 శాతం మధ్య ముందే ఖరారై ఉంటుంది. అంటే డర్క్ తగ్గించుకుంటే ఆ డబ్బు మిగతా ఆటగాళ్ళ మధ్యకి పోతుంది, సరే. కానీ పక్క ఊళ్ళో 33 ఏళ్ళవాడు బేరానికి కూర్చుంటే జనరల్ మేనేజర్ ఏమంటాడు? "డర్క్ ఎనిమిదికి ఆడుతున్నాడు, డంకన్ అయిదుకి ఆడుతున్నాడు, నీకు పదిహేనెందుకు?" అంటాడు. వాళ్ళిద్దరూ అప్పటికే వందల మిలియన్లు సంపాదించారు. పక్క ఊరోడు సంపాదించలేదు. అభిమానులు కూడా "గెలవాలని లేదా, డబ్బు కావాలా" అని వాడినే తిడతారు.

అందుకే నాకు కోబీ బ్రయంట్ 2013లో చేసిందే కరెక్ట్ అనిపిస్తుంది. మడమ నరం తెగి ఏడు నెలలైంది, ఇంకా కోర్టులోకి రాలేదు, అయినా లేకర్స్ రెండేళ్ళకి 48.5 మిలియన్లు ఇస్తామంటే తీసుకున్నాడు. జట్టు 21 మ్యాచ్‌లు గెలిచింది ఒక ఏడు, 17 ఇంకో ఏడు. అందరూ కోబీ జీతం వల్లే అన్నారు. టికెట్లు ఎవరి పేరు మీద అమ్ముడయ్యాయో ఎవరూ అనలేదు.

మూర్తి 98

తమ్ముడూ, పక్క ఊరోడి మాట నిజం. ఆ కోణం నేను రాయలేదు, రాసి ఉండాల్సింది. డర్క్ అభిమానిగా రాశాను.

నువ్వన్న ఆ పక్క ఊరోడి కోసం లీగ్ ఒక పని చేసింది, అది చాలామందికి తెలియదు. 2025-26లో పదేళ్ళ సీనియర్ మినిమం 3.63 మిలియన్లు, రెండేళ్ళ కుర్రాడి మినిమం 2.3. ఊరికే వదిలేస్తే జట్లన్నీ చవకగా వచ్చే కుర్రాణ్ణే తీసుకుంటాయి. అందుకని సీనియర్‌కి ఏడాది మినిమం కాంట్రాక్ట్ ఇస్తే జట్టు ఇచ్చేది 2.3 మాత్రమే, మిగతా 1.3 లీగ్ కడుతుంది. క్యాప్ లెక్కలో కూడా 2.3 అనే రాసుకుంటారు. కానీ ఇది ఏడాది కాంట్రాక్ట్‌కే. రెండేళ్ళంటే ఆ సాయం లేదు. ముప్ఫై అయిదేళ్ళ ఆటగాడు ఏటా జులైలో కొత్త ఊళ్ళో కొత్త సంతకం పెట్టడం, పిల్లల బడి మార్చడం ఎందుకంటే ఇదిగో ఈ ఏడాది షరతు. ఉద్యోగం నిలబెట్టిన నిబంధనే ఇల్లు నిలవనివ్వడం లేదు.

ఇక ఏది రాయించుకోవచ్చో శైలజ గారికి సగమే చెప్పాను. పూర్తిగా చెప్పాలంటే డేమియన్ లిలార్డ్ కాంట్రాక్ట్ చూడాలి. 2025 ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్‌లో మడమ నరం తెగింది. జులైలో మిల్వాకీ ఆయన్ని వదిలేసింది. ఇవ్వాల్సిన 112 మిలియన్ల పైచిలుకుని అయిదేళ్ళకి సాగదీసి, ఏడాదికి 22.5 చొప్పున తన పుస్తకంలో మోయడానికి ఒప్పుకుంది. మైల్స్ టర్నర్‌కి చోటు కావాలి, అందుకు. లిలార్డ్ పైసా వదులుకోలేదు, ఎందుకంటే అది పూర్తి గ్యారంటీ కాంట్రాక్ట్. నరం తెగిన కాలితో, ఆ సీజన్ ఆడడని అందరికీ తెలిసి, ముప్ఫై అయిదేళ్ళ వయసులో పోర్ట్‌లండ్‌తో కూర్చున్నాడు. మూడేళ్ళకి 42 మిలియన్లు, మూడో ఏడాది ఆప్షన్ తనది, ట్రేడ్ చెయ్యకూడదన్న షరతు తనది. ఆ షరతు అడగాలంటే లీగ్‌లో ఎనిమిదేళ్ళు, ఆ జట్టులో నాలుగేళ్ళు ఆడి ఉండాలి. పోర్ట్‌లండ్‌లో ఆయన పదకొండు సీజన్లు ఆడాడు. 2023లో ట్రేడ్ అయినప్పుడు ఆయన వెళ్ళాలనుకున్నది మయామి, పంపింది మిల్వాకీ. ఆ దెబ్బ తిన్న మనిషి రెండోసారి కూర్చున్నప్పుడు ఆ షరతు రాయించుకున్నాడు.

డబ్బు తగ్గినా అడగగలిగినవి ఇవి. గ్యారంటీ, ఆప్షన్, ట్రేడ్ వీటో, ట్రేడ్ అయితే అదనంగా ఇచ్చే బోనస్. ఇవి కాంట్రాక్ట్‌లోనే ఉంటాయి, లీగ్ ఆఫీసు చదివి ముద్ర వేస్తుంది. మేనేజర్ మారినా ఫైలులో ఉంటాయి, శైలజ గారూ.

కోబీ విషయంలో నీతో పూర్తిగా ఒప్పుకోను. కానీ ఆయన చివరి మ్యాచ్‌లో 60 పాయింట్లు కొట్టిన రాత్రి ఆ 25 మిలియన్ల గురించి ఎవరూ అడగలేదు, అది నిజమే.

శైలజ, ప్లేనో

మూర్తి గారూ, ఇద్దరి ఉద్యోగాలూ నిలబడ్డాయి. ఒకమ్మాయి ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తుంది.

ఇర్వింగ్ రమణ

అందరికీ ధన్యవాదాలు. రాత్రి మా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చదివి వినిపించాను. తెలుగు వాడికి అంతంతమాత్రమే, మధ్యమధ్యలో ఆపి చెప్పాల్సొచ్చింది. తువ్వాలు దగ్గర వెంటనే అర్థమైంది. సామర్లకోటలో మా నాన్న కిటికీలోంచి తువ్వాలు విసరడం పోయిన వేసవిలో చూశాడు.

విన్నాక ఒకటే అడిగాడు. క్లేకి ఈ మూడేళ్ళూ అయిపోయాక 2027లో ఏమవుతుందట?

మూర్తి 98

బాబుకి చెప్పండి. క్లే అప్పటిదాకా ఇక్కడే ఉంటే మూడు సీజన్లు పూర్తవుతాయి, బర్డ్ హక్కులు డాలస్ చేతిలో ఉంటాయి. అప్పటికి ఆయనకి 37 ఏళ్ళు. గరిష్ఠం దాకా ఎంతైనా ఇవ్వడానికి మనకి చీటీ ఉంటుంది. బయట ఆయనకోసం చూస్తుండేది 14 మెట్టో, 3.6 మెట్టో ఆ ఏడాది ఆట చెబుతుంది. మధ్యలో ట్రేడ్ అయితే ఆ హక్కులు ఆయనతోపాటే కొత్త జట్టుకి వెళ్తాయి.

ఈసారి మ్యాచ్‌కి వెళ్ళినప్పుడు ఎరీనా బయట డర్క్ విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళండి. ఒంటికాలు ఎత్తి వెనక్కి వాలి బంతి వదులుతున్న భంగిమ. అడుగున విధేయత ఎప్పటికీ వాడిపోదని చెక్కారు. మీ వాడు ఖచ్చితంగా జీతం గురించి అడుగుతాడు. 2016 సంగతి మర్చిపోకుండా చెప్పండి.